పౌడర్ పూసిన ఇంజన్‌తో భూపాలపల్లి దాకా

జనగామ నుంచి భూపాలపల్లికి వెళ్లాలనుకునేవాళ్లకు దగ్గరి దారి ఒకటుంది. హన్మకొండ మీదుగా బస్సెక్కి, కిటికీ పక్కన కునుకు తీసి, దిగిపోవడమే. నేను అలా వెళ్లలేదు. దేవరుప్పుల, నర్సింహులపేట, మానుకోట అంటూ చుట్టూ తిరిగి, దారి పొడవునా నూనె చుక్కలు రాల్చుకుంటూ, ఆగిన ప్రతిచోటా బానెట్ ఎత్తి నలుగురి చేత నాలుగు మాటలు అనిపించుకుంటూ వెళ్లాను. మళ్లీ వెళ్లమంటే ఆ దారినే వెళ్తాను. ఎందుకో తెలియాలంటే ముందు మా అన్న సంగతి చెప్పాలి.

మా అన్న సారయ్య భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుడు. గనిని మా వైపు బాయి అంటాం. పెళ్లయిన కొత్తలో ఆ బాయిలోకి దిగిన మనిషి తల నెరిసేదాకా దిగుతూనే ఉన్నాడు. మొన్న ఎండలు మొదలైన రోజుల్లో ఆయన ఆఖరి షిఫ్టు వచ్చింది. ఆ రోజు తోటివాళ్లు దండలు వేసి, డప్పులు కొట్టించి, బాయి దగ్గర్నుంచి ఇంటిదాకా ఊరేగించడం అక్కడి ఆనవాయితీ. కొందరు జీపు మాట్లాడుకుంటారు, కొందరు పూలతో కప్పిన కొత్త కారు కిరాయికి తెచ్చుకుంటారు. మా అన్న మాత్రం నాకు ఫోన్ చేసి, "నాకు గవేం వద్దు శోభా. నా బండి తీస్కొని రా. నా బండిలనే ఇంటికి పోత," అన్నాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. నా ఎరుకలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఆ బండి అన్న కష్టార్జితంతో కొన్న పాత పెట్రోలు కారు. కాగితాల్లో దాని రంగు తెలుపు. ఇప్పుడైతే మజ్జిగ రంగు. నాకు డ్రైవింగ్ నేర్పింది అన్నే. నేర్పాక, "బాయికి నడిసే పోత, నాకెందుకు," అంటూ నాకే వదిలేశాడు. జనగామలో నా కుట్టుపని దుకాణం ముందు అది నిలబడి ఉంటుంది. ఏటా దసరాకు మాత్రం అన్న వచ్చి, బావి మోటరు పైపు పెట్టి, ఇంజన్‌తో సహా దాన్ని తన చేతులతో కడుగుతాడు. ఆ రోజు ఇంకెవరినీ ముట్టనివ్వడు. కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, పాలపిట్టను చూడటానికి మా అందరినీ ఎక్కించుకుని తీసుకుపోతాడు.

పోయిన దసరా తర్వాత కారు కింద నూనె మరకలు మొదలయ్యాయి.

జనగామ

మొదట్లో మరక రూపాయి బిళ్లంత ఉండేది. సంక్రాంతి వెళ్లేసరికి పళ్లెమంత అయింది. మా వీధి చివర మెకానిక్ యాదగిరి ఇంజన్ పైకప్పు ప్యాకింగ్ మార్చి, "ఇగ చుక్క పడది అక్కా," అన్నాడు. పడింది. మళ్లీ మార్చి మళ్లీ అదే మాట అన్నాడు. మళ్లీ పడింది. బయల్దేరే ముందు రోజు కారు కింద పరిచిన అట్టముక్క చూపిస్తే తల గోక్కున్నాడు.

"ఇంజన్ దించాలె అక్కా. పాతదైంది, అన్ని దిక్కుల లూజైంది. గిప్పుడైతె గంత దూరం పోకు. నడిమిట్ల ఆయిల్ కమ్మి అయి ఇంజన్ పట్టేసిందనుకో, ఇగ గది పాత ఇనుమే."

రెండుసార్లు చుక్క పడదని చెప్పిన నోరే అది. నాకు ఒళ్లు మండింది. ఇంజన్ దించితే వారం కంటే ముందు లేవదు, అన్న షిఫ్టు ఎవరి కోసమూ ఆగదు. "నీ దగ్గర పెట్టినా ఇనుమే, రోడ్డు మీద పోయినా ఇనుమే. పోనీ రోడ్డు మీదనే పోనీ," అని వచ్చేశాను. కోపంలో అన్నాను గానీ, ఇంటికొచ్చాక అసలు సంగతి తట్టింది. అది పట్టేస్తే అన్న ఊరేగింపు పోవడమే కాదు, అన్న బండే పోతుంది. ఆఖరి రోజున ఆ మాట ఆయనకు చెప్పాల్సింది నేను.

అయినా పొద్దున్నే డిక్కీలో ఆయిల్ డబ్బాలు, దుకాణంలో మిగిలిన గుడ్డపీలికలు, ఒక బిందె నీళ్లు, డబ్బా నిండా సర్వపిండి పెట్టుకుని బయల్దేరాను. మొదటి రోజు మానుకోట చేరి, అక్కడ కాపురముంటున్న మా భాగ్యక్కను ఎక్కించుకోవాలి. రెండో రోజు పొద్దు వాలకముందే భూపాలపల్లి చేరాలి.

దేవరుప్పుల

దేవరుప్పులలో హోటల్ ముందు ఆపి కారు కిందికి వంగి చూశాను. ఎక్కడ చూసినా నూనే. ముందు నుంచి వెనక దాకా నల్లగా, జిగటగా, మీద దుమ్ము అంటుకుని. ఎక్కడ కారుతోందో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలిసేలా లేదు. నేను మోకాళ్ల మీద ఉండగానే పక్కన ట్రాక్టరు ఆపి టీ తాగుతున్న ఒకాయన గ్లాసుతోనే వచ్చి నిలబడ్డాడు. పేరు మల్లేశం.

"కింద సూస్తె ఏం తెల్వది అక్కా," అన్నాడు. "నూనె మీదికెల్లి కారుకుంట వస్తది. బండి ఉరుకుతాంటె గాలికి ఎనుకకు పోతది. కారేది ఒక దిక్కు, కనవడేది ఒక దిక్కు."

"మరెట్ల తెలుస్తది?"

"మంచిగ కడుగు. ఎండనియ్యి. పౌడర్ కొట్టు. జరసేపు నడుపు. తెల్లటి పౌడర్ మీద యాడ ముందుగాల తడుస్తదో గదే జాగ."

ఇంత చిన్న ఉపాయం ఇన్ని నెలలుగా నాకు తట్టలేదు, యాదగిరికీ తట్టలేదు. మల్లేశం తన ట్రాక్టరు పెట్టెలోంచి బ్రష్షు తెచ్చాడు, కిరోసిన్ తెచ్చాడు. ఇంజన్ చల్లారేదాకా పూరీలు తిన్నాం. దేవరుప్పుల హోటల్లో పూరీతో పాటు ఆలుగడ్డ కూరే కాదు, అడగకుండానే పల్లీల చట్నీ కూడా పోస్తారు. మా జనగామలో రెండోసారి చట్నీ అడిగితే హోటలాయన కళ్లజోడు పైనుంచి చూస్తాడు. తర్వాత ఇద్దరం కలిసి రుద్దాం, తుడిచాం, ఎండలో ఆరబెట్టాం. పౌడర్ కోసం మల్లేశం అటూ ఇటూ చూస్తుంటే నా చేతిసంచిలోని ముఖం పౌడర్ డబ్బా తీశాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

గుడ్డ మూటలో పోసుకుని పైకప్పు నుంచి అడుగు దాకా అద్దాను. పని అయ్యాక వెనక్కి జరిగి చూసి అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లు దాన్ని నడిపాను గానీ ఇంజన్‌ను ఎప్పుడూ చూడలేదు. నల్లటి జిగురు కింద ఇన్ని మలుపులున్నాయని, ఇన్ని గొట్టాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టు ఉన్నాయని నాకు తెలియదు. తెల్లగా, మల్లెపూల వాసనతో, స్నానం చేయించిన చంటిపిల్లలా ఉంది. ఒక మనిషి ఎక్కడో కూర్చుని ఇదంతా ఆలోచించి చేశాడు కదా అనుకుంటే ఒళ్లు పులకరించింది.

మల్లేశం టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు. "యాడ తడిసిందో ఫోన్ చేసి చెప్పాలె అక్కా. లేకుంటె నాకు బువ్వ దిగది," అన్నాడు. నంబర్ రాసుకున్నాను.

నర్సింహులపేట

తొర్రూరు దాటాక పొలాలు ఎర్రబడటం మొదలైంది. కల్లాల్లో మిర్చి ఆరబోశారు. మా వైపు వరి, పత్తి తప్ప ఇంత ఎరుపు ఎరగం. దాన్ని చూస్తూ ఇంజన్ సంగతి కాసేపు మరిచిపోయాను. నర్సింహులపేటలో వేపచెట్టు నీడన ఆపి, పరీక్షల ఫలితాలు చూసే పిల్లలా బానెట్ ఎత్తాను.

ఒక్క చోట కాదు. పైకప్పు అంచున తడిసింది. బెల్టు తిరిగే ముందు కప్పీ వెనక తడిసింది. ఆయిల్ ఎంతుందో చూసే గేజు పుల్ల మొదట్లో తడిసింది. మూడు చోట్లా ఒకేలా, అప్పుడే చెమట పట్టినట్టు. పైగా ఆ గేజు పుల్ల తన గుంతలోంచి బొటనవేలంత పైకి లేచి ఉంది. నేను దాన్ని నొక్కి పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అది మళ్లీ మెల్లగా లేచింది. లోపలి నుంచి ఎవరో వేలితో నెట్టినట్టు. పట్టపగలే నాకు భయం వేసింది.

బానెట్ ఎత్తిన కారు చుట్టూ జనం చేరకపోతే అది మన ఊరే కాదు. ఒకరు హెడ్ పోయిందన్నారు, ఒకరు రింగులు పోయాయన్నారు. ఆయిల్ ఎక్కువ పోశానని ఒకరు నన్నే తిట్టారు. జామకాయల గంప పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ మాత్రం లేచి వచ్చి, లేస్తున్న పుల్లను తీరిగ్గా చూసింది.

"దీనికి కడుపుబ్బరం అయింది బిడ్డా," అంది. "జరంత వాము నీళ్లు తాపియ్యి."

అందరం గొల్లున నవ్వాం. అవ్వ నవ్వలేదు. నా చేతిలో రెండు జామకాయలు పెట్టి, డబ్బులిస్తే తీసుకుని, "నవ్వుండ్రి నవ్వుండ్రి," అంటూ వెళ్లి గంప ముందు కూర్చుంది.

మల్లేశానికి ఫోన్ చేశాను. "మూడు జాగలా? ఒక్కపారేనా? ప్యాకింగులు చెప్పుకొని ఖరాబయితయా అక్కా? గిది ప్యాకింగు బీమారి కాదు. ఇంకేందో ఉన్నది. దొరికినంక నాకు చెప్పుడు మరువకు," అన్నాడు. అది నాకు నిజంగానే కొత్త ఆలోచన. ఇన్నాళ్లు ఎక్కడ కారుతోంది అనే అడిగాను. ఎందుకు కారుతోంది అని అడగలేదు.

మానుకోట

కాగితాల మీద మహబూబాబాద్, నోటి మీద మానుకోట. అక్కడికి ఎవరూ చెప్పకుండానే చేరుకోవచ్చు, తుమ్ములే దారి చూపిస్తాయి. మా భాగ్యక్క ఇల్లు మిర్చి యార్డుకు దగ్గర, బావ ఆ యార్డులో కాంటా దగ్గర పని చేస్తాడు. సాయంత్రం నన్ను లోపలికి తీసుకెళ్లాడు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు కారుతుండగా చూశాను. కనుచూపు మేర బస్తాలు, విప్పిన మూతుల్లోంచి పొంగుతున్న ఎరుపు. వాలుతున్న ఎండ దాని మీద పడుతుంటే యార్డంతా నిప్పుల మీద ఉన్నట్టే. రైతులు ఆ బస్తాలకు ఆనుకుని హాయిగా నిద్రపోతున్నారు. ఒక్కరికీ తుమ్ము రావడం లేదు. నేను తుమ్మిన ప్రతిసారీ ఎవరో ఒకరు కళ్లు తెరిచి నవ్వి మళ్లీ పడుకున్నారు.

రాత్రి అక్క జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసులో మేం ఎండుమిర్చి ఒకటో రెండో కాల్చి నలుపుతాం. అక్క గుప్పెడు నలిపింది. నేను కంచం ముందే ఏడుస్తుంటే, "నీ కారు కోసం ఏడుస్తున్నవా, పులుసుకు ఏడుస్తున్నవా?" అని అడిగింది.

అంతకు ముందే బావకు తెలిసిన మెకానిక్ వచ్చి చూసి వెళ్లాడు. ఆయనదీ యాదగిరి మాటే. ఇంజన్ దించాలి, లేదా పాత ఇనుముకు వేయాలి. కొనేవాళ్లు కూడా తనకు తెలుసన్నాడు. అన్న కోసం పట్టుదలగా ఇంతదూరం తెచ్చాను గానీ, రేపు అడవిలో అది పట్టేస్తే మేమిద్దరం ఏ లారీయో ఎక్కి ఉత్తచేతులతో బాయి గేటు ముందు నిలబడాలి. బస్సులో వెళ్దామా అని అక్కను అడిగాను.

అక్క చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అన్న ఏమడిగిండు? మనల్ని రమ్మన్నడా, బండి తెమ్మన్నడా?"

"బండి తెమ్మన్నడు."

"గయితె బండి తీస్కపోవుడే. నూనె తాగితె తాపుకుంట పోదాం. నా మేక గుడ గట్లనే, మేపకుంటె నడువది."

నర్సంపేట దాటాక

పొద్దున్నే అక్క ఒళ్లో పూలదండ, కాళ్ల దగ్గర ఆయిల్ డబ్బాలు, వెనక సీట్లో అన్న కోసం మిర్చి సంచీ. మానుకోటలో చుట్టాన్ని ఉత్తచేతులతో పంపరు. మా దగ్గర పసుపు కుంకుమలిస్తే వీళ్లు వాటితో పాటు ఎండుమిర్చి కూడా ఇస్తారు. కిటికీలు తీసినా ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం.

నర్సంపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా మోదుగులు విరగబూసి ఉన్నాయి. ఆకు ఒక్కటి లేదు, కొమ్మ కొమ్మకూ కాషాయం. దుమ్ము పట్టిన ఎండు అడవి మధ్యలో అంత రంగు ఎక్కడి నుంచి తాగుతాయో అర్థం కాదు. నిన్నటి మిర్చి ఎరుపు మనిషి పండించింది, దీన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పెట్టలేదు. అక్క కూడా నోరు మూసుకుంది, అది మామూలు విషయం కాదు. కాసేపు ఆపి కింద రాలిన పూలు ఏరుకున్నాం. ఎలాగూ ఆగాం కదా అని బానెట్ ఎత్తితే గేజు పుల్ల లేచి నా వైపే చూస్తోంది. ఆయిల్ అడుగుకు చేరింది. పోశాం. కొంచెం దూరం వెళ్లి మళ్లీ పోశాం.

రేగొండ

రేగొండ దగ్గరికి వచ్చేసరికి డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. ఆయిల్ తగ్గిపోయిందని చెప్పే దీపం అది. వెంటనే పక్కకు తీసి ఆపాను. మిగిలిన ఆఖరి డబ్బా మొత్తం పోశాను. దీపం ఆరిందో లేదో చూడాలన్న ఆత్రంలో మూత పెట్టడం మరిచిపోయి స్టార్ట్ చేశాను. దీపం ఆరింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే బానెట్ అవతలి నుంచి అక్క కేక వేసింది.

"శోభా! గిది ఊదుతాంది!"

దిగి వెళ్లి చూశాను. ఆయిల్ పోసే మూతి మీద అరచేయి పెడితే వేడిగా, బలంగా, ఆగకుండా గాలి నా చేతిని నెట్టింది. కాలిన నూనె వాసన కొట్టింది. ఇంకో వింత, మూత తీసి ఉన్నంతసేపూ గేజు పుల్ల లేవలేదు. మూత బిగించగానే మెల్లగా లేచింది. తీస్తే పడుకుంది. పెడితే లేచింది.

"అవ్వ కడుపుబ్బరం అన్నదే," అన్నాను.

"ఏ అవ్వ?"

చెప్పాను. ఈసారి ఎవరం నవ్వలేదు. లోపల ఏదో నిండుతోంది, బయటపడే చోటు దొరక్క సందు దొరికిన ప్రతిచోటా నూనెను తోసుకుంటూ వస్తోంది. అక్కడిదాకా నాకు అర్థమైంది. ఆ గాలి అసలు ఎటు వెళ్లాలి, ఎందుకు వెళ్లడం లేదు అన్నది మాత్రం అంతు చిక్కలేదు. మూత తీసి నడిపితే నూనె ఎగజిమ్ముతుంది. పొద్దు నడినెత్తి దాటింది. మూత బిగించి, ఎర్రదీపం మీద ఒక కన్ను, రోడ్డు మీద ఒక కన్ను వేసి మెల్లగా పోనిచ్చాను.

భూపాలపల్లి

బాయి గేటు ముందుకు చేరేసరికి దీపం మిణుకు మిణుకు మంటోంది. ఇంజన్ ఆపేశాను. మళ్లీ స్టార్ట్ చేస్తే బతుకుతుందో లేదో తెలియదు, పోయడానికి చుక్క లేదు. అన్న దోస్తు కొమురయ్య దండలు పట్టుకుని మా కోసం ఎదురుచూస్తున్నాడు. డప్పులవాళ్లు మంట పెట్టి డప్పులు కాచుకుంటున్నారు. సంగతి చెప్పగానే కొమురయ్య ఒక మనిషిని ఆయిల్ డబ్బా కోసం బజారుకు తోలాడు.

అప్పుడు వినపడింది నాకు ఆ చప్పుడు. నిజానికి వచ్చినప్పటి నుంచీ ఉంది. దూరంగా కంచె అవతల ఒక కట్టడం, దానికి ఆకాశంలోకి నోరు తెరిచిన పెద్ద గొట్టం. ఆగని హోరు. నిలబడ్డ నేల కూడా సన్నగా అదురుతోంది.

"గదేంది కొమురన్నా?"

"ఫ్యాను. బాయిల గాలి గుంజుతది. కిందున్న చెడ్డగాలంత గా గొట్టంలకెల్లి బయటికి పోతది. గప్పుడు గీ దిక్కుకెల్లి మంచిగాలి దానంతట అదే లోపలికి దిగుతది. రాను ఒక తోవ, పోను ఒక తోవ. పోయే తోవ మూసినవనుకో చెల్లె, లోపటున్నోళ్ల గతి ఏంది?"

నేను ఆ గొట్టం వైపే చూస్తూ ఉండిపోయాను. మా కాళ్ల కింద, ఎక్కడో చీకట్లో మా అన్న, ఇంకా ఎంతోమంది అన్నలు ఈ హోరు మీద ఆధారపడి ఊపిరి తీస్తున్నారు. ఇన్నేళ్లు అన్న బాయి పని అంటే పలుగు, పార, బొగ్గు అనుకున్నాను. భూమి ఊపిరి తీసుకుంటుందని, దానికి ఊపిరి నేర్పింది మనుషులని నాకు తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ అన్న చేసేది గాలి పనే గద," అన్నాడు కొమురయ్య. "ఫ్యాను గుంజుతది గని, గాలిని మూల మూలకు పంపాలంటె పరదాలు కట్టాలె. పెద్ద పెద్ద గుడ్డలు. యాడ కడితె గాలి ఎటు మళ్లుతదో మీ అన్నకు తెలిసినట్టు ఎవ్వరికి తెల్వది. అందరం గాలి సారయ్య అంటం."

పోయే తోవ మూస్తే. ఆ మాట నా తలలో గిర్రున తిరిగింది. కారు దగ్గరికి పరుగెత్తాను. పౌడర్ అద్దినప్పుడు ఇంజన్ పైకప్పు మీంచి బయల్దేరి గాలి ఫిల్టర్ డబ్బాలోకి వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి చూశాను. నూనె, నీళ్లు మోయని ఆ గొట్టానికేం పనో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. అది దీని ఫ్యాను గొట్టం. లోపలి గాలి బయటపడే తోవ. క్లిప్పు లాగి, ఫిల్టర్ వైపు కొన ఊడదీసి, లోపలికి వేలు పెట్టాను.

గుడ్డ తగిలింది.

పట్టుకుని లాగితే నూనె ఓడుతూ, గట్టిగా చుట్టిన ఉండ ఒకటి బయటికి వచ్చింది. విప్పాను. నేను కుట్టుపనిదాన్ని, గుడ్డను గుర్తుపట్టడానికి నాకు ఇంకెవరూ అక్కరలేదు. నూనె పట్టి నల్లబడినా ఎర్ర గళ్లు కనపడుతున్నాయి. అంచు మీద మడత కుట్టు నాదే. అన్నకు నేను కుట్టిచ్చిన తువ్వాల అది. దసరా రోజున ఇంజన్ మీద మోటరు పైపు పెట్టే ముందు, లోపలికి నీళ్లు పోకూడదని అన్న తెరిచి ఉన్న మూతులన్నిటిలో ఆ తువ్వాల చింపి కుక్కి ఉంటాడు. తర్వాత అన్నీ తీసి, ఇదొక్కటి మరిచి, దాని మీదే గొట్టం బిగించి, బొట్టు పెట్టి ఉంటాడు.

ఆయిల్ వచ్చింది. పోసి స్టార్ట్ చేశాను. గేజు పుల్ల మీద కళ్లు పెట్టి అక్క, నేను, కొమురయ్య, డప్పులవాళ్లు అందరం నిలబడ్డాం. అది లేవలేదు. చాలాసేపు చూశాం. అలాగే పడుకుని ఉంది. గొట్టం కొస దగ్గర చేయి పెడితే వెచ్చటి ఊపిరి మెల్లగా తగిలి వెళ్లిపోయింది. అక్క నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను.

షిఫ్టు దిగి మనుషులు రావడం మొదలైంది. అందరి ముఖాలూ నల్లగా ఒకేలా ఉన్నాయి, నడకను బట్టి అన్నను గుర్తుపట్టాను. దండలు పడ్డాయి. డప్పు మోగింది. ఆయన అందరినీ దాటుకుని ముందు కారు దగ్గరికి వచ్చాడు.

"బండి మంచిగున్నదా శోభా?"

నేను ఆ గుడ్డ చేతిలో పెట్టాను. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తెరిచి ఉన్న గొట్టం వైపు చూశాడు. బొగ్గు పట్టిన ముఖంలో కళ్లు పెద్దవయ్యాయి.

"వారీ! నేనే పెట్టిన. తీసుడు మర్సిన."

కొమురయ్య అరిచాడు, "అరే వినుండ్రి! గాలి సారయ్య బండికే గాలి బంద్ చేసిండట!" ఆ నవ్వు ఫ్యాను హోరును కూడా ముంచేసింది. డప్పులవాళ్లు నవ్వు ఆపుకోలేక దరువు తప్పారు. అన్న కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా ఆగిపోయాడు.

"గిన్నేండ్లు పరదాలు కట్టిన. ఒక్క నాడు ఎవ్వరికి గాలి ఆగనియ్యలె," అన్నాడు. "దీనికే ఆపిన. పాపం, గంత దూరం గిట్లనే వచ్చిందా?"

"వచ్చింది అన్నా."

అన్న గొట్టాన్ని మళ్లీ తొడిగి, క్లిప్పు బిగించి, బానెట్ మీద నల్లటి అరచేయి ఆనించి కాసేపు ఉంచాడు. ఊరేగే మనిషి వెనక సీట్లో దండలతో కూర్చోవాలి. అన్న నన్ను లేపి తనే స్టీరింగ్ పట్టుకున్నాడు. డప్పుల వెనక, మనిషి నడకంత మెల్లగా, ఇంటిదాకా తనే నడిపాడు. ఎర్రదీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

మరునాడు పొద్దున్న

మొదటి షిఫ్టు సైరన్‌కు మెలకువ వచ్చింది. అన్న మంచం ఖాళీగా ఉంది. వదిన ఇచ్చిన టీ గ్లాసులు పట్టుకుని వాకిట్లోకి వెళ్తే, అన్న తెల్లటి అంగీ వేసుకుని కారులో స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. బానెట్ మీద ఆయన అరచేతి మసి గుర్తు అలాగే ఉంది. రాత్రి కారు కింద పరిచిన అట్టముక్క బయటికి లాగి చూశాను. చుక్క లేదు.

"రోజు గీ యాళకు కిందికి దిగేటోన్ని," అన్నాడు అన్న, టీ అందుకోకుండానే. "సైరన్ ఇనంగనె లేసి తయారైన. తయారైనంక యాడికి పోవాల్నో తెలుస్తలేదు శోభా."

దేవరుప్పుల మల్లేశం సంగతి చెప్పాను. గుడ్డ దొరికిందని ఇంకా ఫోన్ చేయలేదని, చెప్పకపోతే ఆయనకు బువ్వ దిగదని. నర్సింహులపేట అవ్వ సంగతీ చెప్పాను. ఆ పొద్దున అన్న మొదటిసారి నవ్వాడు.

"ఫోన్ల చెప్తె ఏం బాగుంటది? గుడ్డ పట్టుకొని మనమే పోదాం. గా అవ్వకు గుడ సూపియ్యాలె, నువ్వు చెప్పిందే నిజమని."

అక్కను లేపాను. వదిన తలుపుకు తాళం వేసి వచ్చింది. నలుగురం ఎక్కి కూర్చున్నాం. అన్న బయల్దేరబోయి, వెనక్కి తిరిగి మూసి ఉన్న కిటికీలు చూశాడు.

"అద్దాలన్నీ దించుండ్రి," అన్నాడు. "గాలి ఆడాలె."